అందని మూల

జూన్ 3

రోగి పుణ్యవతి. నా భార్య. వయసు నలభై ఆరు. కుడిచేయి. బొటన అందుబాటు నలభై ఒక్క గింజలు. కావలసింది నలభై నాలుగు.

గింజంటే వడ్లగింజ, అడ్డంగా పేర్చినది. మా ఇంట్లో కొలత అదే. మా తాత టేకు బల్లమీద గింజలు పేర్చి, ఒక్కో గింజకీ ఒక్కో గీత గీశాడు. ఎముక విరిగి వచ్చినవాడి చేతిని, కాలిని ఆ బల్లమీద పరిచి కొలవడం, కొలిచింది ఈ పుస్తకంలో రాయడం మూడు తరాల అలవాటు. బల్లమీద చూసిన కొలతే రాయాలి, రాసింది కొట్టేయకూడదు. అబద్ధపు కొలత రాసినవాడికి హస్తవాసి పోతుందని నాన్న నాకు పదేళ్ళప్పుడే చెప్పి పెట్టాడు.

ఇప్పుడు ఎముకలు విరగ్గొట్టుకుని వచ్చేవాళ్ళు తక్కువ. వేలు సాగదీయమని వచ్చేవాళ్ళే ఎక్కువ.

పొద్దున అందరి ఫోన్లకీ ప్రకటన వచ్చింది. ఆగస్టు ఒకటి నుంచి కొత్త ఫోను. ఇప్పటిదానికన్నా మూడు గింజలు పెద్దది. జనం పెద్దది కావాలని అడిగారట. ఎవరడిగారో నాకు తెలియదు, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో మాత్రం ఒక్కరూ అడగలేదు. మా తాత చొక్కాకి జేబు ఉండేదట, ఫోను అందులో వేసుకుని తిరిగేవాడట. ఇప్పుడు చొక్కాలకి జేబులు కుట్టడమే మానేశారు, అందరి భుజానా జోలె వేలాడుతోంది.

సైజు పెరిగితే పెరిగింది, మోసుకు తిరుగుతాం. తంటా అంతా పట్టుతోనే. కొత్త ఫోను ఇచ్చేటప్పుడు పరీక్ష ఉంటుంది, దాన్ని ఒంటిచేత్తో పట్టుకుని, అదే చేతి బొటనవేలితో ఎదురు పైమూలనున్న ఎర్రచుక్కని మూడు క్షణాల్లో తాకాలి. రెండో చెయ్యి సాయం పట్టకూడదు. ఎవరో బలవంతంగా వేలు పట్టుకుని నొక్కించే మోసాలు పెరిగిపోయాయని పెట్టిన రూలు అది. పెట్టినరోజు నేనూ మంచిదే అన్నాను. అప్పట్లో ఆ మూల అందరికీ అందేది.

అందనివాళ్ళకి తోడుచేయి వేస్తారు. భార్యకి భర్త, భర్త లేకపోతే కొడుకు. ఇక ఆ మనిషి ఇంటి తలుపు, పొయ్యి, కుళాయి, లాంచీ పాసు, వచ్చే కబురు, అన్నీ ఆ తోడుచేయి నొక్కితేనే. ఆడదైతే ఫలానావాడి చేతికింద ఉందంటారు. మా వీధిలో ఆడవాళ్ళు సగానికి పైగా చేతికిందే ఉన్నారు.

జూన్ 10

వైద్యం మొదలుపెట్టాను. గోరువెచ్చని ఆముదం పట్టించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చెక్క ఇరికించి, గుడ్డతో బిగించి కట్టాలి. చెక్కలు తొమ్మిది చేస్తాను, ఒకదానికన్నా ఒకటి కాస్త మందం. వారానికో చెక్క మారుస్తూ పోవాలి. తొందరపడితే కీలు తప్పుతుంది, బద్ధకిస్తే ఎక్కడిదక్కడే బిగుసుకుపోతుంది.

"నొప్పెడతదా అండీ?" అంది.

"పెడతది."

"పెట్టనియ్యండి. అక్కని చూడ్డానికి ఎల్లాలంటే మిమ్మల్ని బతిమాలుకునే ఖర్మ నాకెందుకు?"

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. వాళ్ళక్క అమ్మాజీ పల్లంలంకలో ఉంటుంది, లాంచీలో గంటన్నర. తల్లి పోయాక ఈమెని పెంచింది ఆ అక్కే. రెండేళ్ళనుంచి ఆయాసంతో మంచాన పడింది. నీళ్ళు పైకొచ్చి ఊళ్ళన్నీ కట్టలమీదికి చేరాక లాంచీ తప్ప దారిలేదు, పాసు నొక్కనిదే లాంచీ గేటు తెరుచుకోదు. మంగళవారం వచ్చిందంటే పుణ్యవతి లాంచీలో ఉంటుంది. ఆ ఒక్కరోజు నేను చల్దన్నం తింటాను.

జూలై 8

నలభై రెండున్నర. ఐదో చెక్క వేశాను.

పుణ్యవతికి రేవులో పొట్టిక్కల కొట్టు ఉంది. పనసాకులు నాలుగు తీసుకుని పుల్లలతో గుచ్చి బుట్ట చేస్తుంది, అందులో పిండి పోసి ఆవిరిమీద పెడుతుంది. పొద్దున్నే లాంచీ ఎక్కేవాళ్ళందరూ అక్కడే తింటారు. బుట్ట చేయడానికి చిన్నచేతులే కావాలి, నా చేతులకి ఆకు చిరిగిపోతుంది. ఆ చిన్నచేతులే ఫోనుకి పనికిరాకుండా పోతున్నాయి. రాత్రంతా చెక్క ఉంటే పొద్దున వేలు వంగడం లేదని, బుట్టలు ఆలస్యమవుతున్నాయని చెప్పింది. ఫిర్యాదులా చెప్పలేదు.

జూలై 29

నలభై నాలుగు.

రెండుసార్లు కొలిచాను. బల్లమీద నలభై నాలుగో గీతని గోరు దాటింది కూడా. నాన్న ఉంటే చూపించేవాణ్ణి. ఈ వయసు చేతిని ఏడువారాల్లో మూడు గింజలు సాగదీసినవాళ్ళు ఈ కట్టమీద ఇంకొకరు లేరు. పుణ్యవతి నా మొహం చూసి, "అంత మురిసిపోకండి, దిష్టి తగుల్తది" అంది. రాత్రి పులస కూర వండింది.

ఆగస్టు 1

తప్పింది.

అందుబాటు కేంద్రంలో సూపర్వైజరు పొడుగువేళ్ళ ఆడమనిషి. కొత్త ఫోను పుణ్యవతి చేతిలో పెట్టింది. పెట్టగానే నా కళ్ళు దాని వీపుమీదికి పోయాయి. ఫోను వీపు మందంగా ఉంది. పాతదానికి ఇంచుమించు రెట్టింపు. బ్యాటరీ పెద్దది చేశారట.

ప్రకటన వచ్చినరోజు నేను పొడవు చూశాను, వెడల్పు చూశాను. మందం చూడలేదు. బల్లమీద పరిచిన చేతికి మందంతో పనిలేదు. పట్టుకున్న చేతికి ఉంది, ఆ వీపు చుట్టూ తిరిగి రావడానికే రెండు గింజల వేలు ఖర్చయిపోతుంది. మూడు తరాలుగా చేతిని బల్లమీద పరిచి కొలిచే ఇంట్లో పుట్టినవాడికి తప్ప ఇలాంటి తప్పు ఇంకెవరికీ చేయడం చేతకాదు.

పుణ్యవతి బొటన ఎర్రచుక్క దగ్గరిదాకా వెళ్ళి ఆగిపోయింది. మూడుసార్లూ అంతే. "నెక్స్ట్" అంది సూపర్వైజరు.

మూడునెలల తర్వాత, నవంబరు ఐదున ఇంకో అవకాశం ఇస్తారు. అందులోనూ తప్పితే తోడుచేయి శాశ్వతం, మళ్ళీ పరీక్ష ఉండదు. అప్పటిదాకా తాత్కాలికంగా నా పేరు రాశారు. పుణ్యవతి ఇంటి తలుపు దగ్గర ఆగి, నేను నొక్కేదాకా నిలబడింది. అప్పుడు మాత్రం కళ్ళనీళ్ళు తుడుచుకుంది. నాకు సిగ్గేసింది. ఆ తప్పు నాది.

ఆగస్టు 9

వీపు మందం కూడా సరిపోయేలా కొయ్యఫోను చెక్కాను. ఇకనుంచి పుణ్యవతి చేతిని దానిమీదే కొలుస్తాను. కొయ్యఫోనుమీద నలభై రెండు. మళ్ళీ మూడో చెక్కనుంచి రావాలి. మూడునెలలు చాలు, చాలా ఎక్కువ కూడా.

రోజూ తెల్లవారకముందే లేచి రేవుకి వెళ్ళి ఆమె పొయ్యి నొక్కి వస్తున్నాను. నాకు పొద్దున నిద్ర లేకపోతే రోజంతా చిరాకు. అయినా వెళ్తున్నాను.

ఆగస్టు 25

నలభై రెండున్నర.

ఇది రోగికి సంబంధించిన సంగతి కాదు, అయినా రాస్తున్నాను. ఇంట్లో నాకు కాఫీ ఇప్పుడు వేడిగా వస్తోంది. ఇదివరకు కొట్టుపని తెమిలాక ఎప్పుడో వచ్చేది. నేను రేవుకి వెళ్ళేసరికి ఆమె మెట్లమీద నిలబడి నాకోసం చూస్తూ ఉంటుంది. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో పుణ్యవతి నాకోసం ఎదురుచూడటం నేను చూడలేదు. ఆమె పని ఆమెకి, నా రోగులు నాకు. నిన్న కావాలనే కాస్త నెమ్మదిగా నడిచి వెళ్ళాను.

నాకు నచ్చింది. అంతకన్నా మర్యాదగా రాసే మాట దొరకడం లేదు.

సెప్టెంబరు 10

మంగళవారం. లాంచీ పాసు అడిగింది. నొక్కాను. "సాయంత్రం ఐదింటి లాంచీకి వచ్చెయ్" అన్నాను. ఇదివరకు ఆరున్నర లాంచీకి వచ్చేది.

"అక్కకి తలస్నానం చేయించాలండి, ఆరున్నరకి వత్తాను."

"ఐదుకే రా."

పాసుకి తిరుగు గడువు నొక్కినవాళ్ళే పెట్టొచ్చు. ఐదు పెట్టాను. ఆమె నావైపు చూసి వెళ్ళింది. ఐదింటికే వచ్చింది.

సెప్టెంబరు 21

నలభై మూడు. ఎనిమిదో చెక్క పూర్తయింది. తొమ్మిదోది మొన్ననే చెక్కి, నునుపుచేసి పెట్టాను. అది వేస్తే ఇంకో మూడువారాల్లో నలభై నాలుగు.

ఇవాళ దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఆముదం గిన్నె పక్కనే ఉంది. పుణ్యవతి చెయ్యి చాపి కూర్చుంది, కొట్టు గురించి ఏదో చెబుతోంది. తొమ్మిదోది పెట్టెలో పడేసి ఎనిమిదోదే మళ్ళీ కట్టాను.

చెక్కలు చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి.

అక్టోబరు 1

నలభై మూడు. ఎనిమిదో చెక్క.

అక్టోబరు 8

నలభై మూడు. ఎనిమిదో చెక్క.

"కదలట్లేదేంటండీ?" అని అడిగింది. "వయసు" అన్నాను. నోటిమాటకి ఈ పుస్తకపు నియమాలు లేవు.

చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అయితే ఇంకో రెండు వారాలు రాత్రీపగలూ ఉంచేసుకుంటానండి. బుట్టలు ఎదురింటామెతో చేయించుకుంటాను" అంది. రాత్రీపగలూ అదే చెక్క కట్టుకుని తిరుగుతోంది. వేలి మొదలు నల్లగా కమిలింది. నొప్పికి పళ్ళు బిగపట్టడం నేను చూస్తూనే ఉన్నాను. ఆ చెక్కవల్ల ఇక ఒక్క వెంట్రుకవాసి కూడా జరగదని నాకు తెలుసు.

అక్టోబరు 11

పొద్దున రేవుకి ఆలస్యంగా వెళ్ళాను. పదిమంది నిలబడి ఉన్నారు. "పొయ్యి ఎప్పుడెలుగుద్దో మా ఆయనకే తెలియాలండి, దేవుడికి కూడా తెల్దు" అని పుణ్యవతి ఎవరితోనో అంటోంది. అందరూ నవ్వారు. నన్ను చూశాక కూడా నవ్వు ఆపలేదు. నొక్కేసి వచ్చేశాను. మధ్యాహ్నందాకా ఆ నవ్వే చెవుల్లో ఉంది.

రెండింటికి నా ఫోనుకి కబురొచ్చింది. అమ్మాజీ పక్కింటివాళ్ళు పంపారు. పుణ్యవతికి వచ్చేవన్నీ ఇప్పుడు నాకే వస్తాయి. 'ఆయాసం బాగా ఎక్కువైంది. పుణ్యవతిని వెంటనే పంపండి. ఆవిడ పేరే పలవరిస్తోంది.'

నాలుగింటికి లాంచీ ఉంది.

"మీ అక్కకి ఒంట్లో బాగోలేదంట" అన్నాను. అంతే అన్నాను.

"పాసు నొక్కండి, ఎల్లొత్తాను."

"పొద్దున చూద్దాం."

"నాలుగింటి లాంచీ ఉందిగదండీ."

"పొద్దున అన్నాగా."

కాసేపటికి మళ్ళీ వచ్చింది. "పొద్దుటి మాటకి కోపమొచ్చిందాండీ? ఏదో నవ్వులాటకి అన్నాను. ఇంకెప్పుడూ అనను" అంది. వేడుకుంది. నేను ఒక రోగి మోచేతికి కట్టు కడుతూ తలెత్తలేదు. మూడోసారి గుమ్మంలో నిలబడే అడిగింది. నాలుగింటికి లాంచీ కూత రేవునుంచి ఇంట్లోకి వినబడింది. అప్పటికీ గుమ్మంలోనే ఉంది.

అక్టోబరు 12

పొద్దుటి లాంచీకి పాసు నొక్కాను. వెళ్ళింది.

అమ్మాజీ తెల్లవారుజామునే పోయిందని తొమ్మిదింటికి కబురొచ్చింది. అప్పటికి పుణ్యవతి లాంచీలో ఉంది. నేను ఆమెకి ముందే చెప్పే దారికూడా లేదు, ఆమె ఫోను నా చేతికింద ఉంది.

అక్టోబరు 15

పుణ్యవతి వచ్చింది. స్నానం చేసి, తడితలతోనే నా ఎదురుగా పీటవేసుకుని కూర్చుంది.

"కబురు ఎన్నింటికి వచ్చిందండీ?"

"రెండింటికి."

"పక్కింటామె కూడా అదే చెప్పింది. రాత్రి పన్నెండుదాకా గుమ్మంకేసి చూత్తానే ఉందంట. లాంచీ కూత ఇనబడినప్పుడల్లా పుణ్యం వచ్చిందా అని అడిగిందంట." తడిజుట్టు ముడేసుకుంది. "పేరు పెట్టింది కూడా ఆవిడేనండి నాకు."

లేచి పెట్టె తెచ్చాను. ఆముదం వెచ్చబెట్టాను. తొమ్మిదో చెక్క తీశాను. నాకు చేతనైంది అదొక్కటే, ఇప్పటికైనా అది చేద్దామనుకున్నాను.

పుణ్యవతి చెక్కని నా చేతిలోంచి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇదెప్పుడు చేశారు?"

"ఇప్పుడే."

"ఆరిపోయి నెర్రెలిచ్చిందండి. నెల్లాళ్ళ కిందటి చెక్క ఇది. అన్నిటికీ ఆముదం వాసన ఉంది, దీనికి లేదు."

నేను తల వంచుకున్నాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. చెక్కని నా ఒళ్ళో పెట్టి, చెయ్యి చాపింది.

"కట్టండి" అంది.

కట్టాను. మొదటి ముడి జారింది, విప్పి మళ్ళీ వేశాను.

అక్టోబరు 30

నలభై మూడున్నర. తొమ్మిదో చెక్క.

వేలు నెలరోజులు ఒకే చెక్కమీద ఉండిపోయి కీలు అక్కడే బిగుసుకుంది. రోజుకి మూడుసార్లు ఆముదం పట్టిస్తున్నాను, ఆవిరి పెడుతున్నాను, నాన్న ఎవరికీ చెప్పని మర్దన కూడా చేశాను. పరీక్షకి ఆరురోజులు. ఇంకో అరగింజ రావడానికి పదిహేను రోజులైనా కావాలి. ఈ అరగింజ నేను మింగేసినది. పుణ్యవతి నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. పొయ్యి నొక్కమని కూడా అడగడం లేదు, కొట్టు మూసేసింది.

నవంబరు 4

నలభై మూడున్నర.

కొయ్యఫోనుని పట్టించి చూశాను. ఎర్రచుక్కకీ గోటికీ మధ్య ఒక పలచటి గీత ఖాళీ కనిపిస్తోంది.

"అందదా?" అంది.

"అందదు" అన్నాను. ఈసారి అబద్ధం చెప్పలేదు.

నవంబరు 5

పొద్దున కేంద్రానికి ఇద్దరం రేవుమీదుగా నడిచి వెళ్తున్నాం. లాంచీలు కట్టే చోట గట్టుకి ఇనుప కడియాలు దిగ్గొట్టి ఉంటాయి. పుణ్యవతి ఒక కడియం దగ్గర ఆగింది. చెప్పు సరిచేసుకుంటోందనుకుని నేను నాలుగడుగులు ముందుకు పోయాను.

వెనకనుంచి చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు తెలుసు. గదిలో ఎంత గోలగా ఉన్నా ఆ చప్పుడు నా చెవికి తెలుస్తుంది. కీలు తప్పిన చప్పుడు.

తిరిగి చూసేసరికి బొటన ఇంకా కడియంలోనే ఉంది. ఒళ్ళు బరువంతా వెనక్కి వేసి లాగేసింది. మోకాళ్ళమీద కూలబడి ఉంది, మొహం సున్నంలా పాలిపోయింది, నోట్లో కొంగు కుక్కుకుంది. నేను రెండు చేతులూ చాపి పరిగెత్తాను. తప్పిన కీలు చూస్తే నా చేతులు వాటంతటవే ముందుకు వెళ్తాయి. ఒక్క లాగుడు, ఒక్క నొక్కుడు, రెప్పపాటు పని.

"ముట్టుకోకండి" అంది. "ముట్టుకుంటే సరిచేసేత్తారు."

చెయ్యిని వీపు వెనక్కి పెట్టేసుకుంది. నేను ఆగిపోయాను.

కేంద్రంలో సూపర్వైజరు వాచిన చెయ్యి చూసి, "ఏమైందమ్మా?" అంది.

"దెబ్బ తగిలిందండి."

"ఒంటిచేత్తోనే పట్టుకోవాలి."

"తెలుసండి."

నాలుగు వేళ్ళతో ఫోను వీపు పట్టుకుంది. బొటన మొదలునుంచి వేలాడుతోంది. మణికట్టు ఒక్కసారి విదిలించింది. వేలు ఊగి వెళ్ళి ఎర్రచుక్కమీద పడింది. పచ్చదీపం వెలిగింది. ఆమె గొంతులోంచి చిన్న మూలుగు వచ్చింది, అది నాకు తప్ప ఎవరికీ వినబడలేదు.

"ఎవరి బలవంతమూ లేదుగా?" అంది సూపర్వైజరు. ప్రతి ఒక్కరినీ అడిగే ప్రశ్నే.

పుణ్యవతి నావైపు చూసింది.

"లేదండి" అంది.

బయటికి వచ్చాక మొదటిసారి నొక్కింది పొయ్యి కాదు, ఇంటి తలుపు కాదు. పల్లంలంక పాసు. గడువు పెట్టలేదు. లాంచీ గేటు తెరుచుకుంది. నేను ఇవతల నిలబడ్డాను. అక్క లేని ఇంటికి వెళ్ళి ఏం చేస్తావని అడగడానికి నాకు నోరు లేదు.

నవంబరు 9

నాలుగురోజుల తర్వాత వచ్చింది. చెయ్యి వాపు మోచేతిదాకా ఎక్కింది. "కీలు సరిచేయించుకో, నా దగ్గర కాకపోతే ఇంకెక్కడన్నా" అన్నాను.

"కట్టు కడితే మళ్ళీ పొట్టిదైపోద్ది" అంది.

నొప్పికి జ్వరం వస్తోంది. వాము కాచి ఇచ్చాను, తాగింది. చెయ్యి మాత్రం చూపించలేదు. తన గదికి తాళం తనే నొక్కి వేసుకుంటోంది.

నవంబరు 17

కీలు తప్పితే ఇరవై ఒక్క రోజుల్లోపు లాగి కూర్చోబెట్టాలి. అది దాటితే ఎముక తప్పిన చోటే గూడు కట్టుకుంటుంది, ఇక ఏ చేతివల్లా కాదు. ఇవాళ పదమూడో రోజు. ఇది పుణ్యవతికి కూడా తెలుసు. రోగులకి నేను చెబుతుంటే వంటింట్లోంచి ఇరవై ఏళ్ళు విన్నది.

కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆమె చెయ్యి చూసి, నావైపు చూస్తున్నారు. ఒకాయన, "అదేంటండి తిమూర్తులు గారూ, ఇంట్లోనే పెట్టుకుని" అన్నాడు. నిన్నా ఇవాళా ఎవరూ రాలేదు.

నవంబరు 22

పద్దెనిమిదో రోజు. కొట్టు తెరిచింది. ఎడమచేత్తో పనసాకు బుట్టలు చేయడం నేర్చుకుంటోంది. కుడి బొటనకి ఆకుని పట్టుకునే శక్తి లేదు. పది ఆకుల్లో ఆరు చిరుగుతున్నాయి. చిరిగినవి పక్కనపెట్టి మళ్ళీ మొదలుపెడుతోంది. నేను రేవు మెట్లమీద దూరంగా కూర్చుని చూశాను. నన్ను చూడగానే కుడిచేయి కొంగుకిందకి పోయింది. నేను గదిలోకి వచ్చినా అంతే, ఎదురుపడినా అంతే. పాలిచ్చే తల్లి పిల్లని దాచుకున్నట్టు ఆ చేతిని నానుంచి దాచుకుంటోంది.

ఆ దాపరికం చూస్తే నాకు ఏడుపొస్తోంది. నాకు ఏడ్చే హక్కు లేదని కూడా తెలుసు.

నవంబరు 25

ఇరవై ఒకటో రోజు.

పొద్దున్నే ఆముదం వెచ్చబెట్టి, చాప పరిచి, బల్ల పక్కన పెట్టుకుని కూర్చున్నాను. పుణ్యవతి కొట్టునుంచి పదింటికి వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఒక్కసారి చెయ్యి ఇయ్యి" అన్నాను. "నీ పరీక్ష అయిపోయింది. పేరు రాసేశారు. ఇప్పుడు సరిచేసినా ఎవరూ మళ్ళీ కొలవరు."

"వచ్చే ఆగస్టుకి కొలుత్తారుగదండీ. ఇయ్యాల పొద్దున ప్రకటన వచ్చింది, నలభై ఐదంట."

నాకూ వచ్చింది. నేను చూడలేదు.

"అప్పటికి నేను సాగదీస్తాను. ఒట్టు. ఒక్క చెక్క కూడా ఆపను."

పుణ్యవతి ఆ మాటకి కోపగించుకోలేదు. ఎదురుగా వచ్చి చాపమీద కూర్చుంది. కుడిచేయి కొంగుకింద ఉంది.

"ఇయ్యాల ఎన్నో రోజండీ?" అంది.

"ఇరవై ఒకటి."

"పొద్దు ఎప్పుడు కుంకుద్ది?"

"ఐదున్నరకి."

"అయితే అప్పటిదాకా కూకుందాం."

కూర్చున్నాం. మధ్యాహ్నం అన్నం అక్కడే తిన్నాం, ఆమె ఎడమచేత్తో కలుపుకుంది. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ తల అడ్డంగా ఊపింది. నాలుగింటికి లాంచీ కూసింది. ఇద్దరం విన్నాం. ఆమె కళ్ళు గుమ్మంవైపు వెళ్ళి అక్కడే ఉండిపోయాయి. ఆ రోజు మూడుసార్లు ఆ గుమ్మంలో నిలబడి నన్ను అడిగిన మనిషి, ఇప్పుడు నేను అడుగుతుంటే వింటోంది. ఆముదం చల్లారి గిన్నెలో చిక్కబడింది. మళ్ళీ వెచ్చబెట్టడానికి నేను లేవలేదు.

పొద్దు కుంకింది. కట్టమీద దీపాలు వెలిగాయి. పుణ్యవతి కొంగుకిందనుంచి కుడిచేయి తీసి, తనంతట తనే బల్లమీద పరిచింది. ఇరవై రోజులుగా నాకు చూపించని చెయ్యి. బొటన మొదట్లో ఎముక బుడిపెలా పైకి లేచి, వంకరగా కుదురుకుంది. వేలు పెట్టి చూశాను. గట్టిపడిపోయింది. ఇక ఎవరూ కదిలించలేరు, నేను కూడా.

"కొలవండి" అంది.

బల్లమీద ఒకసారి కొలిచాను. కొయ్యఫోను పట్టించి ఇంకోసారి కొలిచాను. మందం కూడా చూసుకున్నాను.

"ఎంతండీ?"

"నలభై ఆరు."

"రాయండి" అంది. నేను రాసేదాకా లేవలేదు.

పుణ్యవతి. కుడిచేయి. నలభై ఆరు గింజలు. వైద్యుడు సాగదీసినది కాదు.